తలకాయల సారు

తోక ముక్క నా పళ్లెంలో ఎట్లా పడిందో ముందు చెప్పాలి. అది చెప్పకుండా మిగతాది చెబితే, నేను ఎవరి మీదో ఊరికే పళ్లు నూరుతున్నానని అనుకుంటారు. ఊరికే కాదు.

నాగిరెడ్డిపేట నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సు దారిలో దిగి కొంత లోపలికి నడిస్తే ఒక ఊరు. ఆ ఊరికి ఒక పెద్ద చెరువు. కట్ట మీద మత్స్యకారుల సంఘానికి ఒక రేకుల షెడ్డు. మేమిద్దరం మొదటిసారి పోయిన రోజు ఆ షెడ్డులోనే మాకు భోజనం పెట్టారు. ఇద్దరమంటే పెద్దసారు, నేను. పెద్దసారు హైదరాబాద్ నుంచి వచ్చిన చేపల శాస్త్రవేత్త. తగ్గిపోయిన చేపలు మళ్లీ పెరగాలంటే ఏం చేయాలో చెప్పడం ఆయన పని. పట్టిన చేపల వయసు కట్టి ఆయనకివ్వడం నా పని. కామారెడ్డిలో మాకొక చిన్న ఆఫీసు ఇచ్చారు. నేను చెరువుకు దగ్గరగా ఉంటుందని ఎల్లారెడ్డిలో గది తీసుకున్నాను.

ఆ ఊళ్లో చేప తలకు ఒక మర్యాద ఉంది. ఇంట్లో వండితే తలకాయ సంపాదించేవాడి పళ్లెంలో పడుతుంది. నలుగురు కూర్చున్న చోట ఎవరిని పెద్దగా చూస్తారో వాళ్లకు పడుతుంది. తోక పిల్లలకు, లేకపోతే పిలవకుండా వచ్చినవాళ్లకు. నోటితో ఎవరూ ఏమీ అనరు. గరిటె చెబుతుంది.

ఆ రోజు వండింది బొచ్చె. బొచ్చెకు ఒళ్లెంతో తల అంత. సంఘం అధ్యక్షుడు స్వయంగా తెచ్చి పెద్దసారు పళ్లెంలో పెట్టాడు. మూతి పళ్లెం అంచు దాటి బయటికి వచ్చింది. తర్వాత వడ్డించే అవ్వ నా దగ్గరికి వచ్చింది. నా మొహం చూసింది. గిన్నెలోకి చూసింది. గిన్నెలో ఇంకో తల ఉంది. నేను కూర్చున్న చోటికి కనబడుతూనే ఉంది. ఆమె దాన్ని గరిటెతో పక్కకు జరిపి, అడుగు నుంచి తోక తీసి నాకు వేసింది. పక్కకు జరిపిన తల మా జీపు డ్రైవర్‌కు పోయింది.

డ్రైవర్ నా వైపు చూసి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. తల వంచుకుని జాగ్రత్తగా, నాకు శబ్దం వినబడకుండా తిన్నాడు.

అవమానం నాకు కొత్త కాదు. మాది సదాశివనగర్ దగ్గరి వ్యవసాయ కుటుంబం. చేపల చదువు చదువుతానంటే మా నాయన ఎంగిలి చెయ్యి కడుక్కోకుండా కాసేపు అట్లాగే కూర్చున్నాడు. భూములు పెట్టుకుని చేపల వెంట పడడమేమిటని మా ఇంట్లో అనని మనిషి లేడు. పెళ్లిళ్లలో నన్ను ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే మావాళ్లు ‘గవర్నమెంటు పని’ అని అక్కడితో ఆపేస్తారు. చెరువు దగ్గర సంగతి తిరగబడింది. అక్కడ నేను రైతుల పిల్లవాణ్ని. తూము తిప్పి నీళ్లు గుంజుకుపోయేవాళ్ల మనిషిని. చేపల చదువు ఎంత చదివినా వాళ్ల కళ్లకు నా కాళ్లకున్న పొలం మట్టే కనబడింది. ఇంట్లో చేపలవాణ్ని, చెరువు మీద పొలంవాణ్ని. రెండు చోట్లా తోకే.

ఇక పని సంగతి. ఆ చెరువులో కొర్రమట్టలు తగ్గిపోతున్నాయని మమ్మల్ని పంపారు. మా వైపు కొర్రమట్టకున్న గిరాకీ ఇంకే చేపకూ లేదు. దాన్ని ప్రాణంతోనే అమ్ముతారు. టబ్బులో నీళ్లు పోసి, నీళ్లలో చేపలు వదిలి, కొనేవాడు చూపించినదాన్ని పట్టి కోసి ఇస్తారు. ప్రాణం పోయిందంటే సగం విలువ పోయినట్టే. బొచ్చెల పిల్లల్ని, రవ్వల పిల్లల్ని ఏటేటా లారీల్లో తెచ్చి చెరువుల్లో వదులుతారు గానీ కొర్రమట్ట ఎవరూ వదలకుండా తనంతట తానే పెరిగిన చేప. అందుకే అది తగ్గితే మళ్లీ తేవడం కష్టం.

ఆ చెరువులో కొర్రమట్ట మీదే బతికే మనిషి అప్పటికి ఒక్కడే మిగిలాడు. నాకు తోక వేసిన అవ్వ భర్త. మిగతావాళ్లకు తెప్పలున్నాయి, వలలున్నాయి, నడి చెరువులో బొచ్చెలు, రవ్వలు పట్టుకుంటారు. ఈ ముసలాయనకు ఒక వెదురు గడ, ఒక గాలం. వానలు పడి చెరువులో కొత్త నీళ్లు చేరాక, తుంగ పెరిగిన అంచుల వెంట మోకాలి లోతులో తిరిగేవాడు. పట్టినవాటిని కుండలో వేసి తెస్తే అవ్వ ఎల్లారెడ్డి మార్కెట్‌లో టబ్బు ముందు కూర్చుని అమ్మేది.

ఆయన పట్టే పద్ధతి చూడడానికి ఒక ఉదయం వెంట పోయాను. కొర్రమట్ట పిల్లలు పుట్టిన కొత్తలో ఎర్రగా ఉంటాయి. వందల కొద్దీ ఒకే గుంపుగా, నీటి మీద కారం పొడి చల్లినట్టు కదులుతుంటాయి. గుంపు కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. చేపల్లో అట్లా పిల్లల్ని కాచుకునేవి తక్కువ. ముసలాయన ఎర్రటి గుంపు కనబడగానే ఆగాడు. గాలానికి చిన్న కప్పను గుచ్చి, ఆ పిల్లల నడుమ దించి పైకీ కిందికీ ఆడించాడు. నీళ్లు ఒక్కసారి పగిలాయి. గడ వంగింది. ఒడ్డున పడ్డ చేప నా మోచేయంత ఉంది.

“ఇది ఆకలికొచ్చేది కాదు సారూ,” అన్నాడు గాలం ఊడదీస్తూ. “కోపానికొస్తది. పిల్లల్ల వేలు పెడితే ఊకుంటదా? రెండోది గూడ వస్తది సూడు.”

రెండోది కూడా వచ్చింది. దాన్ని కుండలో వేసి మూత పెట్టాడు. ఎర్రటి గుంపు కాసేపు అక్కడే సుళ్లు తిరిగింది. కిందినుంచి ఏదో చేప ఒక దెబ్బ వేసింది, గుంపు రెండుగా చీలింది. తుంగ మీద కూర్చున్న లకుముకి పిట్ట దిగింది. కొంచెం సేపట్లో నీళ్లు మామూలు నీళ్ల రంగుకు వచ్చాయి. పిల్లలేమైతాయని అడిగితే ఆయన, ఏమైతయి, పోతయి అన్నాడు. ఆ మాటలో చెడ్డతనం లేదు. పొద్దు పోతుందన్నట్టు అన్నాడు.

నాకు చేపల మీద జాలి లేదు. జాలితో ఈ పని చేయలేం. కానీ లెక్క తెలుసు. అట్లా ఒక జంటను పట్టడమంటే ఒక ఈత పిల్లలన్నిటినీ తుడిచేయడం. ఇంకా ఎన్ని జంటలున్నాయి, అందులో ముసలివెన్ని, పిల్లలు పెట్టే వయసులో ఉన్నవెన్ని అన్నది తెలిస్తే ఎంతకాలం ఆపాలో చెప్పవచ్చు. అది తెలియాలంటే నాకు తలకాయలు కావాలి.

చేప తలలో, మెదడు కింద, రెండు తెల్లటి చిన్న రాళ్లుంటాయి. చెవి రాళ్లంటాం. చేప పెరిగినంతకాలం ఆ రాయి పొర మీద పొరగా పెరుగుతుంది. ఎండాకాలం తిండి తగ్గినప్పుడు ఒక గీత పడుతుంది. గీతలు చూసి వయసు చెప్పవచ్చు. కొర్రమట్టకు పొలుసులు చూసి చెప్పే వయసు నమ్మదగ్గది కాదు. రాళ్లే కావాలి.

సంఘం సమావేశంలో నేను లేచి, ఈ సీజన్‌లో పట్టే ప్రతి కొర్రమట్ట తల నాకివ్వాలని అడిగాను. ఎందుకో చెప్పడం మొదలుపెట్టేలోపే షెడ్డంతా నవ్వింది. నాకు అర్థం కాలేదు. అధ్యక్షుడు కుర్చీలో వెనక్కి వాలి, అందరికీ వినబడేటట్టు చెప్పాడు.

“మొన్న తోక వేసిన్రని సారుకు కోపమొచ్చింది. ఇగ మా అందరి తలకాయలు తనకే గావాల్నట.”

నవ్వు ఇంకోసారి లేచింది. వంట దగ్గర కూర్చున్న అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దసారు నా వైపు తిరిగి, అందరితో పాటు నవ్వాడు. అధ్యక్షుడి నవ్వును నేను క్షమించగలను. చదువుకోనివాడనుకుంటాను. పెద్దసారుకు చెవి రాయి అంటే ఏమిటో తెలుసు. నేను పుట్టకముందే ఆయన వాటిని చూసి ఉంటాడు. నేను అడుగుతున్నది మర్యాద కాదని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. చెప్పలేదు. తిరుగు దారిలో జీపులో, పొలుసులు చూసి రాసెయ్యమన్నాడు. పొలుసులు నమ్మలేమన్నాను. నీకు నమ్మకం కుదిరేసరికి చెరువులో చేప ఉండదన్నాడు.

తలకాయలు రాలేదు. పేరు వచ్చింది. తలకాయల సారు. వారం తిరిగేలోపు ఎల్లారెడ్డి బస్టాండు దాకా పాకింది. టీ కొట్టు దగ్గర నిలబడితే, తలకాయల సారుకు ఒక చాయ్ అని అరిచేవారు. మార్కెట్‌లో కొర్రమట్ట కొనే ప్రతి మనిషినీ తల నాకివ్వమని అడిగి చూశాను. తల లేకుండా చేప ఎందుకు కొంటామన్నట్టు చూసి సంచిలో వేసుకుపోయారు. చివరికి పొలుసులు చూసే వయసులు కట్టి, వాటి మీద నాకు నమ్మకం లేదని రాసి, ఆ వాక్యం కింద సంతకం పెట్టి ఇచ్చాను. పెద్దసారు నివేదికలో ఆ వాక్యం లేదు.

చివరికి నిషేధం నిర్ణయమైంది. రెండేళ్లపాటు ఆ చెరువులో కొర్రమట్టను గాలంతో గానీ వలతో గానీ పట్టకూడదు. బొచ్చె, రవ్వ పట్టుకోవచ్చు. అంటే తెప్పలూ వలలూ ఉన్నవాళ్లకు ఏ నష్టమూ లేదు. ఆగిపోయేది ఒక్క ముసలాయన గాలమే. షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టి ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకోరు?

నేను ముసాయిదాలో ఇంకో షరతు రాశాను. ఎండాకాలంలో నీళ్లు ఒక మట్టానికి దిగగానే తూము మూసేయాలి, చేపకు కొంత నీరు మిగలాలి అని. గాలం ఆపి తూము తెరిచి ఉంచితే, ఆపిందేమీ ఉండదు. ఆ రోజు సమావేశానికి ఆయకట్టు రైతుల పెద్దలు కూడా వచ్చి ముందు వరుస కుర్చీల్లో కూర్చున్నారు. పెద్దసారు నా షరతు చదివి, వాళ్ల వైపు చూసి, జేబులోంచి పెన్ను తీసి కొట్టేశాడు. నేను అభ్యంతరం చెబితే, వాళ్లు మీవాళ్లే కదా, నువ్వే చెప్పి ఒప్పించు అన్నాడు. ఒప్పించడానికి లేచాను. రైతు పెద్దల్లో ఒకాయన మా నాయన పేరు అడిగాడు. చెప్పాను. ఆయన మా నాయనను ఎరుగుదునన్నాడు, కూర్చోమన్నాడు. పక్కనున్నవాళ్లు మీసాల్లో నవ్వుకున్నారు. నిలబడే మాట్లాడాను. ఎవరూ వినలేదు.

తర్వాత ముసలాయన్ను పిలిచారు. గడ తెమ్మన్నారు. ఆయన తెచ్చి అధ్యక్షుడి చేతికిచ్చాడు. పక్కన పెడతాడనుకున్నట్టున్నాడు. అధ్యక్షుడు ఫొటో తీసేవాణ్ని ముందుకు రమ్మని, గడను మోకాలికి ఆనించి విరిచాడు. ఎండిన వెదురు ఒక్క దెబ్బకు విరగలేదు. రెండోసారి కాలు కింద వేసి తొక్కాడు. ఫొటో సరిగ్గా రాలేదని, విరిగిన ముక్కలు పట్టుకుని పెద్దసారు పక్కన నిలబడమని ముసలాయనకు చెప్పారు. నిలబడ్డాడు. నవ్వమంటే నవ్వాడు కూడా.

జీపు ఎక్కబోతుంటే నా దగ్గరికి వచ్చాడు.

“రెండేండ్లయితే పిల్లలు మల్ల కనబడ్తయా సారూ?”

“కనబడతాయి బాపు. నీళ్లుంటే.”

కనబడతాయన్న మాట మాత్రం ఆయన చెవికెక్కింది. ఇంటికి పోయి భార్యకు అదే చెప్పాడని తర్వాత తెలిసింది. ఆ ఇంటికి ఆ మాట తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆయన కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. పెళ్లిళ్లకు వచ్చే కార్లకు దారి చూపిస్తూ, ఎవరిదో పాత యూనిఫాం చొక్కా వేసుకుని కనబడేవాడు. అవ్వ మార్కెట్ మానలేదు. టబ్బు పోయి థర్మకోల్ డబ్బా వచ్చింది. ఎక్కడో దూరం నుంచి ఐసులో వచ్చే చేపలు పెట్టుకుని కూర్చునేది. ప్రాణమున్న చేప అమ్మిన మనిషికి ఐసు చేప అమ్మడమంటే ఎంత నామోషో ఆ మార్కెట్‌లో అందరికీ తెలుసు. నేను అటు పోయినప్పుడల్లా డబ్బా మూత తీసి, తలకాయలున్నయి సారూ, కొంటవా అని అడిగేది. పక్క కొట్లవాళ్లు ఆ మాట కోసమే ఎదురుచూసేవారు. నేను దారి మార్చుకోలేదు. మార్చుకుంటే ఓడిపోయినట్టు అవుతుందని ప్రతి వారం అంగడి రోజున ఆమె ముందునుంచే పోయాను.

మొదటి ఎండాకాలం వచ్చింది. తూము తెరిచే ఉంది. వరి చివరి తడికి నీళ్లు కావాలి. ఆ తర్వాత కూడా ఎవరూ మూయలేదు. చెరువు చెరువంతా దిగి, నడుమ ఒక మడుగు, చుట్టూ బురద మిగిలింది. కొర్రమట్ట నీళ్లు పోతే చావదు. బురదలోకి దిగి, పైకి మూతి పెట్టి గాలి పీల్చుకుంటూ వాన దాకా ఆగుతుంది. ఆ ఓపికే దాని ప్రాణం తీసింది.

కబురు తెలిసి నేను పోయేసరికి ఊరు ఊరంతా బురదలో ఉంది. ఆడవాళ్లు చీరలు ఎగజెక్కి, మొగవాళ్లు చొక్కాలు విప్పి, పాదాలతో తడుముతూ తిరుగుతున్నారు. కాలికి మెత్తగా తగిలితే వంగి, మోచేతుల దాకా చేతులు దించి లాగుతున్నారు. కొందరు పారలు తెచ్చి తవ్వుతున్నారు. పార దెబ్బకు చేప రెండు ముక్కలైతే అదో నవ్వు. ట్రాక్టర్ మీద కూర్చుని రైతుల పిల్లలు సెల్‌ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. నేను చెవి రాళ్లు చూసి వయసు కట్టాలనుకున్న ముసలి చేపలన్నీ ఆ రోజు బురద పూసుకుని బయటికి వచ్చాయి. ఆ తలల మీద మా పరిశోధన అంతా ఉంది. సంచుల్లో వేసుకుని పోయారు.

అధ్యక్షుడు కట్ట మీద గొడుగు కింద కూర్చున్నాడు. నిషేధం ఉండగా ఇదేమిటని అడిగాను. ఆయనకు కోపం రాలేదు. చాలా నెమ్మదిగా చెప్పాడు.

“కాగితంల గాలమని రాసిన్రు, వల అని రాసిన్రు. చెయ్యి అని యాడ రాసిన్రు సారూ?”

ఆయన పక్కనే, ఎండలో, కట్ట అంచున ముసలాయన నిలబడి ఉన్నాడు. ఫంక్షన్ హాలు వాళ్లను అడిగి వచ్చినట్టున్నాడు, ఒంటి మీద ఆ యూనిఫాం చొక్కానే. ఊరంతా పట్టుకుంటుంటే చూస్తున్నాడు. నిషేధం మీరితే సంఘంలోంచి తీసేస్తామని ఆయన్ను మాత్రం అందరి ముందూ బెదిరించి ఉన్నారు. గడ విరిచింది ఆయనదే కాబట్టి నిషేధం కూడా ఆయనదే అయింది. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

“నేను గూడ చేతుల్తోనే పట్టుకుంట సారూ. దిగొచ్చా?”

నేను వద్దన్నాను. నువ్వు ఒప్పుకున్నావు బాపు, నువ్వు దిగితే రేపు నిషేధమే నవ్వులపాలవుతుంది, అన్నాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. ఒక్కడైనా మాట మీద ఉండకపోతే ఫిర్యాదు చేయడానికి నాకు ఆధారమేముంటుంది? ఆయన దిగలేదు. పొద్దు వాలేదాకా కట్ట మీదే నిలబడి, ఎవరైనా పెద్ద చేపను లాగితే అంత దూరం నుంచే అది మగదో ఆడదో చెబుతూ ఉన్నాడు.

ఫిర్యాదు చేశాను. కామారెడ్డిలో ఎన్ని ఆఫీసులుంటే అన్ని ఆఫీసులకూ ఇచ్చాను. వీడియోలు కూడా జతచేశాను. పెద్దసారు నన్ను పిలిచి, మనం వచ్చింది చేపలు పెంచడానికా, ఊళ్లతో కొట్లాట పెట్టుకోవడానికా అని అడిగాడు. తర్వాతి నెల నిజాంసాగర్ గెస్ట్‌హౌస్‌లో పెద్ద అధికారులకు మా పని గురించి చెప్పే రోజు నన్ను లోపలికి రానివ్వలేదు. ప్రొజెక్టర్ వైరు సరిగ్గా పట్టడం లేదని ఒకసారి పిలిచారు. వైరు పట్టుకుని నిలబడ్డాను. తెర మీద విరిగిన గడ ముక్కలతో ముసలాయన నవ్వుతున్న ఫొటో ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండో ఎండాకాలం బురదలోకి దిగినవాళ్లు తక్కువ. మంచితనం వచ్చి కాదు. పాదాలకు తగలడానికి ఏమీ లేకపోయింది.

నిషేధం ముగిసిన రోజు పెద్ద వేడుక పెట్టారు. చెరువు నిండి ఉంది. కట్ట మీద షామియానా, మైకు, మంచినీళ్ల బాటిళ్లు. ముసలాయన సెలవు పెట్టి, చొక్కా మార్చుకుని వచ్చాడు. కొత్త వెదురు గడ ఒకటి కోసి, నున్నగా చెక్కి, షెడ్డు గోడకు ఆనించి పెట్టాడు. పెద్దసారు జెండా ఊపగానే ఒడ్డు పక్కనే వల వేసి లాగారు. వల నిండా కొర్రమట్టలు. ఒక్కొక్కటీ నల్లగా నిగనిగలాడుతూ, ఎగిరెగిరి పడుతూ. జనం కేకలు వేశారు. పెద్దసారుకు శాలువా కప్పారు. ముసలాయన వల దగ్గర నిలబడి రెండు చేతులూ జోడించాడు. ఆయన ఎవరికి మొక్కాడో నాకు తెలియదు.

నాకు లోపల మంట. రెండేళ్లు నేను తప్పు చెప్పినట్టు, తూము సంగతి ఉత్తదే అన్నట్టు ఆ వల నా మొహం మీద పడింది. నిజంగానే పెరిగాయా అనుకున్నాను. కోసే దగ్గర ఆడవాళ్లు, ఇంత కొవ్వేంది, యాటపోతు లెక్క ఉన్నయి అనుకుంటుంటే విని కూడా పట్టించుకోలేదు.

భోజనాలకు కూర్చున్నాం. పెద్దసారుకు తల వడ్డించారు. నాకు ఏమీ వడ్డించలేదు. పళ్లెం ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాను. అందరికీ వడ్డన అయ్యాక ముసలాయన ఒక పెద్ద స్టీలు పళ్లెం రెండు చేతులతో పట్టుకుని వచ్చి నా ముందు పెట్టాడు. నిండా తలకాయలు. కొర్రమట్ట తలలు, పులుసులో ఉడికి, నోళ్లు తెరుచుకుని. ఒక్క ముక్క కండ లేదు. వెనక నుంచి అవ్వ చూస్తోంది. షామియానా మొత్తం మాటలు ఆపి ఇటే చూస్తోంది.

“తలకాయలు గావాలంటివి గదా సారూ. గియ్యాల దొరికినయి. కడుపు నిండ తిను.”

ఆ నవ్వు చెరువు అవతలి ఒడ్డుకు వినబడి ఉంటుంది. పెద్దసారు నవ్వితే శాలువా జారి పళ్లెంలో పడింది.

నేను లేవలేదు. లేస్తే వాళ్లు గెలిచినట్టు. ఒక తల చేతిలోకి తీసుకుని, ఉడికి మెత్తబడిన ఎముకను వేళ్లతో విడదీశాను. రెండు రాళ్లు తీసి, తుడిచి, నీళ్ల బాటిల్ మూతలో వేశాను. ఇంకో తల. ఇంకో తల. నవ్వులు తగ్గాయి. నా చేతులు వాటంతట అవే పని చేస్తున్నాయి, కళ్లు మాత్రం ఆగిపోయాయి. ఇంత తలలో ఉండాల్సిన రాయి కాదది. మా చెరువుల్లో దొరికింది తిని, ఎండలకు ఆగి, నిదానంగా పెరిగిన చేపకు రాయి మందంగా ఉంటుంది. మూతలో ఉన్నవి పలుచగా, నూకల్లా ఉన్నాయి. జేబులో భూతద్దం ఉంది. ఒక్కొక్కటే వెలుగుకు పెట్టి చూశాను. ఒక్కదాని మీదా గీత లేదు. ఒక్క ఎండాకాలం కూడా చూడని చేపలు. గట్టి మేత తిని, ఎవరిదో పెంపకం చెరువులో నెలల్లో ఒళ్లు చేసిన చేపలు. ఈ వేడుక కోసం తెచ్చి వదిలినవి.

రెండేళ్లు బతిమాలినా దొరకనివి, నన్ను ఏడిపించడానికి వాళ్లే పోగుచేసి తెచ్చి పెట్టారు. నేను లేచి నిలబడి చెప్పాను. ఈ చేపలు ఈ చెరువులో పెరిగినవి కావు, వీటికి ఏడాది కూడా నిండలేదు, వీటిని ఎక్కడినుంచో కొని తెచ్చారు, అని. మూత ఎత్తి చూపించాను.

అధ్యక్షుడి చెయ్యి నోటి దగ్గర ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత, అన్నంల రాళ్లేరేటోల్లను చూసినం గని తలకాయల్ల రాళ్లేరేటోన్ని గీ సారునే చూసినం, అన్నాడు. మళ్లీ నవ్వులు. పెద్దసారు నవ్వలేదు. నా వైపు చూడకుండా, తినవయ్యా చల్లారిపోతుంది, అన్నాడు. ఆయనకు తెలుసని ఆ గొంతు చెప్పింది. అందరూ తినడంలో పడ్డారు. చేప రుచిగానే ఉన్నట్టుంది.

ముసలాయన మాత్రం నవ్వలేదు. నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. మూతలోని రాళ్లను తన అరచేతిలోకి వంపుకున్నాడు.

“మరి ఈ చెరువుల పుట్టినయి?”

“అవి బురదలోనే అయిపోయాయి బాపు.”

“ఒక్క జంట గూడ లేదా?”

“ఉంటే నీకు ఈ వానల్లో ఎర్రటి గుంపు ఎక్కడైనా కనబడేది. కనబడిందా?”

ఆయన చెరువు వైపు చూశాడు.

“నేను దిగలె గదా సారూ. అందరు దిగిన్రు. నేను దిగలె.”

అవును, నువ్వు దిగలేదు, అన్నాను. అది నిజం. ఆయన రాళ్లను మళ్లీ మూతలో పోసి, మూతను నా పళ్లెం పక్కన జాగ్రత్తగా పెట్టాడు. ముసలిదానికి చెప్పొద్దన్నాడు. రెండేళ్లయితే వస్తాయని తనే చెప్పి కూర్చోబెట్టాడట. అధ్యక్షుడు అటునుంచి కేకేసి, కూర్చున్నవేందిరా, అటు పంక్తికి అన్నం చూడు అన్నాడు. ఆయన లేచి అన్నం గంప ఎత్తుకుని పోయాడు. సాయంత్రం నేను బయల్దేరేటప్పుడు కొత్త గడ గోడకే ఆనించి ఉంది.

మళ్లీ ఫిర్యాదు రాశాను. రాళ్లను చిన్న సీసాలో పెట్టి జతచేశాను. ఫిర్యాదు అందినట్టు సంతకం చేసిచ్చారు. సీసా ఏమైందో ఎవరూ చెప్పలేదు. పెద్దసారు మా చెరువును ఇంకో జిల్లాలో ఉదాహరణగా చూపిస్తున్నాడని విన్నాను.

తర్వాతి అంగడి రోజు ఎల్లారెడ్డి మార్కెట్‌లో అవ్వ ముందునుంచే పోయాను. ఆమె డబ్బా మూత తీయలేదు, తలకాయలు కొంటావా అనలేదు. చెయ్యి ఊపి దగ్గరికి పిలిచింది. చుట్టుపక్కల వినబడకుండా, మొదటిసారి మెత్తగా అడిగింది.

“ఆ దినం గా రాళ్లు చూసి ఏదో అంటివి, అందరు నవ్విన్రు. మాకు సమజ్ కాలె. మా ముసలోడు ఏం చెప్తలేడు. పిల్లలు మల్ల వస్తయి గదా సారూ?”

ముసలాయన చెప్పొద్దన్న మాట గుర్తుంది. గిన్నెలో గరిటెతో పక్కకు జరిపిన తల కూడా గుర్తుంది. రావు అని చెప్పాను. ఆ చెరువులో కొర్రమట్ట అయిపోయిందని, ఉన్నవి కొని తెచ్చినవని, అవి కూడా ఆ రోజే వండుకు తిన్నారని చెప్పాను. ఆమె పొలుసులు గీకుతున్న కత్తి ఆపలేదు.

“మా ముసలోనికి ఎరుకేనా?”

“తెలుసు. నీకు చెప్పొద్దన్నాడు.”

ఆమె గీకడం పూర్తి చేసింది. ఐసులోంచి ఇంకో చేప తీసి, మొద్దు మీద పెట్టి, ఒక్క వేటుకు తల వేరు చేసింది. కళ్లు తెల్లబడిన ఐసు చేప తల. దాన్ని పేపర్‌లో చుట్టి నా వైపు చాపింది. నేను జేబులో చెయ్యి పెడితే వద్దన్నట్టు తల ఊపింది.

“తీస్కపో సారూ,” అంది. “ఇక్కడ నీకన్న పెద్దోడెవడున్నడు.”

పక్క కొట్లవాళ్లు చూస్తున్నారు. తీసుకున్నాను.